ఉప్పునీటి తొట్టిలో పరాన్నజీవులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చేపల ఒంటి మీది చుక్కల గురించే. అన్నిటిలోనూ ఒక మాట ఉంది: ‘షాపులో ఫలానా మందు ఇచ్చారు, పోశాను, తగ్గలేదు.’ చేపకు ఏం పట్టిందో తేలకముందే మందు పోయడం వల్ల పోతున్న చేపలు జబ్బుతో పోయేవాటికి తక్కువేమీ కావు. అందుకే ప్రతి జవాబులోనూ ముందు గుర్తుపట్టే పద్ధతి చెప్పి, ఆ తర్వాత వైద్యానికి వచ్చాం.

ప్రశ్న: నా పౌడర్ బ్లూ టాంగ్ రెక్కల మీద తెల్లచుక్కలు వచ్చాయి. ఇదివరకు గోల్డ్‌ఫిష్ పెంచిన అలవాటుతో వేడి 31 డిగ్రీలకు పెంచి, కాస్త ఉప్పు ఎక్కువ కలిపాను. నాలుగు రోజుల్లో చుక్కలు పోయాయి. ఆ తర్వాత వారానికి రెట్టింపు వచ్చాయి. ఎందుకిలా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ చేపకు పట్టింది క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్. వాడుకలో మెరైన్ ఇక్ అంటారు. గోల్డ్‌ఫిష్‌కు వచ్చే ఇక్‌తో దీనికి చూపుల్లో పోలికే తప్ప దగ్గరి చుట్టరికం లేదు. అది మంచినీటి జీవి కాబట్టి ఉప్పుకు లొంగుతుంది. ఇది సముద్రపు జీవి, ఉప్పు దీన్నేమీ చేయదు. వేడి పెంచితే దీని జీవితచక్రం ఇంకా త్వరగా తిరుగుతుంది, నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. అంటే మొప్పలు దెబ్బతిన్న చేపకు ఊపిరి మరింత కష్టం చేసినట్టు. వేడిని మెల్లగా 26 డిగ్రీలకు దించండి.

చుక్కలు పోయింది మందు పనిచేసి కాదు. ఈ జీవి చేప చర్మం కింద దూరి 3 నుంచి 7 రోజులు తింటుంది. మనకు సన్నటి ఉప్పు రవ్వలా కనిపించేది ఆ దశే. కడుపు నిండాక, ఎక్కువగా చీకటి వేళల్లో, చేపను వదిలి కిందికి రాలుతుంది. ఇసుక మీదో, రాయి మీదో, అద్దానికో అతుక్కుని చుట్టూ తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తిలో అది వందల పిల్లలుగా విడిపోతుంది. తిత్తి మీద ఏ మందూ పనిచేయదు. సాధారణంగా 3 నుంచి 28 రోజుల మధ్య అది పగిలి పిల్లలు ఈదుకుంటూ బయటికి వస్తాయి. వాటికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. మీ చేప ఒళ్లు శుభ్రంగా కనిపించిన వారమంతా మీ ఇసుకలో జరిగింది ఇదే.

పౌడర్ బ్లూ టాంగ్ హిందూ మహాసముద్రపు చేప. మన లక్షద్వీప్ దగ్గరా ఉంటుంది. టాంగ్‌లలో దీనికి ఈ జబ్బు చాలా త్వరగా పడుతుంది కాబట్టి తొట్టిలో ముందు దీని మీదే చుక్కలు కనబడతాయి. అలాగని దీన్నొక్కదాన్నే తీసి వైద్యం చేస్తే లాభం లేదు. మిగతా చేపల మొప్పల్లో కనబడకుండా ఉండే ఉంటుంది. చేపలన్నిటినీ వైద్యం తొట్టిలోకి మార్చాలి. పగడాలు, రొయ్యలు, నత్తలు అసలు తొట్టిలోనే ఉండనివ్వండి. ఆ తొట్టిని చేపలు లేకుండా 76 రోజులు ఉంచండి. కొన్ని తిత్తులు 72 రోజుల దాకా బతికి పగిలినట్టు నమోదైంది, అందుకే అంత గడువు. 30 రోజులకే చేపను తిరిగి వదిలి, మళ్లీ మొదటికి వచ్చినవాళ్లు చాలామంది.

వైద్యం తొట్టికి ఆడంబరం అక్కర్లేదు. మీ టాంగ్‌కైతే కనీసం 150 లీటర్ల ఖాళీ గాజు తొట్టి, హీటర్, ఎయిర్ పంప్, ఎప్పటినుంచో నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి రెండు మూడు పీవీసీ పైపు ముక్కలు చాలు. ఇసుక, రాళ్లు వద్దు. స్పాంజ్ కొత్తదైతే రెండో రోజుకే అమ్మోనియా వస్తుంది. అప్పుడు చేప చనిపోతే తప్పు మందు మీదకు పోతుంది.

మీకు మేం చెప్పేది ఉప్పు తగ్గించే పద్ధతి. సాంద్రత 1.009–1.010కి, అంటే సుమారు 12–13 పీపీటీకి (వెయ్యి భాగాల నీటిలో ఇన్ని భాగాల ఉప్పు) దిగితే తిత్తులు నీళ్లు పీల్చి పగిలిపోతాయి. ఎముకలున్న చేపలు దీన్ని తట్టుకుంటాయి. షార్క్‌లకు, టేకు (రే) చేపలకు మాత్రం వద్దు. లెక్క ఇలా ఉంటుంది: 100 లీటర్ల నీళ్లు 35 పీపీటీలో ఉన్నాయనుకోండి. 25 లీటర్లు తీసి అంతే ఆర్వో నీళ్లు పోస్తే 26 అవుతుంది. ఇంకోసారి అలాగే చేస్తే సుమారు 20, మూడోసారికి 15 లోపు. నాలుగోసారి 15 లీటర్లు మారిస్తే పన్నెండున్నరకు వస్తుంది. ఈ నాలుగు మార్పులూ రెండు రోజుల్లో సర్దండి. పోసే నీళ్ల వేడి, పీహెచ్ తొట్టికి సరిపోవాలి. ఉప్పు తగ్గేకొద్దీ పీహెచ్ కూడా దిగుతుంది, వంటసోడా చిటికెడు చిటికెడుగా కలుపుతూ 8 కింద పడకుండా చూసుకోండి.

1.010 చేరిన రోజు నుంచి లెక్కపెట్టి 30 రోజులు. మధ్యలో నీళ్లు ఆవిరై సాంద్రత ఒక్కరోజు పైకి పోయినా మళ్లీ ఒకటో రోజు. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌ను ఈ పనికి నమ్మకండి, కాంతితో ఉప్పును కొలిచే రిఫ్రాక్టోమీటర్ కావాలి. దాన్ని ఆర్వో నీళ్లతో కాకుండా 35 పీపీటీ ద్రావణంతో సరిచేసుకోండి. గడువయ్యాక ఉప్పు రోజుకు 2 పీపీటీకి మించకుండా పెంచండి, తగ్గించినంత తొందరగా పెంచితే చేపకు హాని. తక్కువ ఉప్పును తట్టుకునే రకాలు కూడా ఈ జీవిలో ఉన్నాయి. పది రోజుల తర్వాత కూడా కొత్త చుక్కలు వస్తుంటే ఇక ఆగకుండా కాపర్‌కు, అంటే రాగి మందుకు, మారండి.

ప్రశ్న: రాత్రి లైటు ఆర్పేటప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి, మేత ఒక్కటి సరిగా తినలేదు. తెల్లారేసరికి రెండు డామ్‌సెల్‌లు, ఒక బటర్‌ఫ్లై పోయాయి. మిగతావి పంప్ నీళ్లు కొట్టే చోట నిలబడి గబగబా ఊపిరి తీస్తున్నాయి. చుక్కలేమీ లేవు. మొప్పల దగ్గర పసుపు రంగు దుమ్ములా ఏదో ఉన్నట్టుంది.
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఉత్తరాలన్నిటిలో అత్యవసరమైనది ఇదే, అందుకే మీకు విడిగానూ రాశాం. మీరు చెప్పిన నాలుగు గుర్తులూ కలిపి చూస్తే ఇది మెరైన్ వెల్వెట్. అమైలూడినియం అనే జీవి ముందు మొప్పల్లో చేరుతుంది. ఒంటి మీద దుమ్ము కనబడే వేళకే లోపల మొప్పలు పాడైపోయి ఉంటాయి. మెరైన్ ఇక్ వారాల్లో చేసే పని ఇది రెండు మూడు రోజుల్లో చేస్తుంది. ఒక్క తిత్తి నుంచి 256 దాకా పిల్లలు రాగలవు.

అనుమానం తీరాలంటే గదిలో లైట్లన్నీ ఆర్పి, టార్చ్‌ను పక్కనుంచి చేప వీపు వెంబడి వాల్చి చూడండి. ఇక్ అయితే విడివిడి తెల్లగింజలు, లెక్కపెట్టొచ్చు. వెల్వెట్ అయితే లెక్కకు రాని నలుసులు, చర్మం మెరుపు తగ్గి పొడి చల్లినట్టు ఉంటుంది. తర్వాత మొప్ప మూత ఎన్నిసార్లు తెరుచుకుంటోందో నిమిషం పాటు లెక్కపెట్టండి. నెమ్మదిగా ఉన్న చేపకు 80 దాటి, వెలుతురుకు మొహం చాటేస్తుంటే చుక్కల కోసం ఎదురుచూడొద్దు.

వెంటనే చేయాల్సినవి: లైటు ఆర్పండి, ఇంకో ఎయిర్‌స్టోన్ వేయండి, మేత ఆపండి. ఒక బకెట్‌లో ఆర్వో నీళ్లు తీసుకుని తొట్టి వేడికి తెచ్చి, వంటసోడా కలిపి పీహెచ్ 8.2కి తేండి. అరగంట ఎయిర్‌స్టోన్ నడిచాక చేపను అందులో 5 నిమిషాలు ఉంచండి. కుళాయి నీళ్లు తిన్నగా వాడకండి, క్లోరిన్ ఉంటుంది. మొదటి నిమిషం చేప గింజుకోవడం, పక్కకు ఒరగడం మామూలే. ఆ తర్వాతా ఆగకుండా కొట్టుకుంటుంటే తీసేయండి. ఈ స్నానంతో జబ్బు పోదు, మొప్పల మీది భారం కొంత దిగి ఒక రోజు గడువు దొరుకుతుంది. ఆ రోజులోనే కాపర్ పూర్తి మోతాదుకు చేరాలి.

మన దగ్గర బ్రాండెడ్ కాపర్ అన్ని ఊళ్లలో దొరకదు. మైలుతుత్తంతో (కాపర్ సల్ఫేట్‌తో) చేసుకోవచ్చు, కానీ చెరువులకు, తోటలకు అమ్మే సంచి సరుకు వద్దు. ల్యాబ్ కెమికల్స్ దుకాణంలో శుద్ధమైనది కొనండి. స్ఫటికాలు నిండు నీలంగా ఉండాలి. తెల్లబారిన పొడి అంటే అందులో నీరు పోయింది, అదే తూకానికి రాగి ఎక్కువ వస్తుంది, మోతాదు తప్పుతుంది. నగల త్రాసు మీద 1 గ్రాము తూచి 250 మి.లీ. ఆర్వో నీళ్లలో కరిగిస్తే ప్రతి మి.లీ.లో దాదాపు 1 మి.గ్రా. రాగి ఉంటుంది. వైద్యం తొట్టిలో 100 లీటర్ల నీళ్లుంటే 10 మి.లీ. ఇప్పుడు, 12 గంటలకు మరో 5 మి.లీ., ఇంకో 12 గంటలకు కొలిచి మిగతాది. లీటరుకు 0.15–0.20 మి.గ్రా. మధ్య నిలబెట్టాలి. 0.15 కింద జబ్బు తిరగబడుతుంది, 0.25 దాటితే చేపకే విషం.

తేలికగా అనిపించినా తప్పు జరిగేది ఇక్కడే. ఉప్పునీటిలోని కార్బనేట్‌లతో కలిసి రాగి అడుగుకు దిగిపోతుంటుంది. పొద్దున 0.18 ఉన్నది సాయంత్రానికి 0.14 అవుతుంది. అందుకని డిజిటల్ మీటర్‌తో రోజుకు రెండుసార్లు కొలవాలి. 0.16 చూపితే 100 లీటర్లకు 3 మి.లీ. కలిపితే 0.19 అవుతుంది. మీటర్ లేకపోతే మైలుతుత్తం జోలికి పోవద్దు. కాపర్ ఉన్నన్నాళ్లూ ఫిల్టర్‌లో మందును పీల్చేసే కార్బన్ పెట్టకండి, అమ్మోనియాను కట్టేసే నీటి మందులు కలపకండి. అవి కలిస్తే రాగి మరింత విషపూరితం కావచ్చు. అమ్మోనియా వస్తే అదే మోతాదు రాగి కలిపిన కొత్త నీళ్లతో మార్చడమే దారి. గడువు 30 రోజులు. ఈ రాగిని అసలు తొట్టిలో ఒక్క చుక్క కూడా పోయకండి, రొయ్యలు, పగడాలు చచ్చిపోతాయి. రాళ్లు, ఇసుక రాగిని పీల్చుకుని తర్వాత వదులుతుంటాయి కూడా.

ఉప్పు తగ్గించే పద్ధతి వెల్వెట్‌కు పనికిరాదు, ఇది చాలా తక్కువ ఉప్పులోనూ బతుకుతుంది. అసలు తొట్టిని 6 వారాలు ఖాళీగా ఉంచితే వెల్వెట్‌కు చాలు. ఇక్ కూడా ఉండొచ్చన్న అనుమానం ఉంటే 76 రోజులే. ఇంకొకటి: బుడగలు పగిలినప్పుడు లేచే తుంపరలో ఈ జీవి పిల్లలు గాలిలో 3 మీటర్ల దాకా పోగలవని ప్రయోగాల్లో తేలింది. వైద్యం తొట్టిని వేరే గదిలో పెట్టండి. వలలు, బకెట్లు, మగ్గులు వేటికవే వేరుగా ఉండాలి.

ప్రశ్న: కొత్తగా తెచ్చిన క్లౌన్ ఫిష్ జంటకు ఒంటి నిండా పాలపొర కమ్మింది, తలదగ్గర పొట్టులా ఊడుతోంది. మూడు రోజులుగా కాపర్‌లో ఉన్నాయి. తగ్గకపోగా ఎక్కువైంది.
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: అది బ్రూక్లినెల్లా. క్లౌన్ ఫిష్‌లకే ఎక్కువగా వస్తుంది, సముద్రంలో పట్టి తెచ్చిన వాటికి మరీనూ. కాపర్ దీని మీద పనిచేయదు, ఇంకా వేచి చూడొద్దు. దీనికి తిత్తి దశ లేదు, చేప మీదే రెండుగా చీలుతూ పెరుగుతుంది. అందుకే అంత వేగం, అందుకే మందు తగిలితే అంత త్వరగా లొంగుతుంది కూడా.

మందు ఫార్మలిన్. 37 శాతం ఫార్మలిన్ 10 లీటర్ల ఉప్పునీటికి 1.5 మి.లీ. కలిపి, జోరుగా గాలి కొడుతూ, 30 నుంచి 60 నిమిషాలు స్నానం. వేడి పెరిగేకొద్దీ దీని విషం పెరుగుతుంది కాబట్టి మన ఎండల్లో పాత పుస్తకాల్లోని 2.5 మి.లీ. మోతాదు మేం సిఫారసు చేయం. స్నానం నీళ్లు 26 డిగ్రీలు దాటకుండా చూసి, ఉదయం పూట చేయండి. చేప నీటి పైకొచ్చి నోరు తెరుస్తుంటే గడువుతో పనిలేకుండా తీసేయండి. తీసిన చేప పాత తొట్టిలోకి కాదు, శుభ్రమైన వేరే తొట్టిలోకి వెళ్లాలి. రోజు విడిచి రోజు మూడుసార్లు చేస్తే చాలావాటికి సరిపోతుంది.

సీసా అడుగున తెల్లటి మడ్డి ఉంటే ఆ ఫార్మలిన్ పారేయండి. అది పారాఫార్మాల్డిహైడ్, చేపకు ఫార్మలిన్ కన్నా చాలా ఎక్కువ విషం. చెరువుల మందుల దుకాణాల్లో డబ్బా మూత తీసి చూపించమనండి. మీ జాగ్రత్త కూడా ముఖ్యం: క్యాన్సర్ కారకం, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని ఆరుబయట కలపండి, పిల్లలకు అందనివ్వకండి.

ఇకముందు కొనేటప్పుడు హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్‌లే అడగండి. వాటిని హేచరీలో పెంచే పద్ధతులను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు అభివృద్ధి చేశారు, ఇప్పుడు దొరకడం కష్టం కాదు.

ప్రశ్న: కాపర్ పవర్ అనే బ్రాండెడ్ రాగి మందు వాడుతున్నాను. లీటరుకు 0.5 మి.గ్రా. చాలని చదివి అక్కడే ఉంచాను. రెండు వారాలైనా ఇక్ పోలేదు. మందు కల్తీదా?
– ఓ పాఠకుడు, డాలస్

జవాబు: మందు బాగానే ఉండొచ్చు, అంకె మరోదాని అంకె. 0.5 అనేది క్యుప్రమీన్ లాంటి వేరే బ్రాండ్ల రాగికి. మీది కీలేటెడ్ రాగి, అంటే వేరే పదార్థంతో కట్టేసిన రాగి. పైన మైలుతుత్తానికి చెప్పిన అంకెలు దీనికి వర్తించవు, లీటరుకు 2.25–2.5 మి.గ్రా. ఉండాలి. ఇప్పుడున్నది అందులో అయిదో వంతు. నాలుగైదు రోజుల్లో మెల్లగా పెంచండి, మేత మానేస్తే ఒక రోజు ఆగండి. 2.25 చేరిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టండి, గడిచిన రెండు వారాలూ లెక్కలోకి రావు. మీటర్ కూడా హై రేంజ్‌ది కావాలి, లో రేంజ్‌ది ఈ మోతాదును కొలవలేదు. ఒక రకం కాపర్ పోసిన నీళ్లలో ఇంకో రకం కలపొద్దు.

ప్రశ్న: మా ఏంజెల్ ఫిష్ రాళ్లకు ఒళ్లు రాసుకుంటోంది. కళ్లు మసకబారాయి. చుక్కలు లేవు. కాపర్ నెల రోజులు ఇచ్చాం.
– ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: కళ్ల మసక, రాసుకోవడం, కాపర్‌కు లొంగకపోవడం, మూడూ కలిస్తే ముందు అనుమానించాల్సింది ఫ్లూక్‌లను, అంటే చర్మానికి అతుక్కునే చదును పురుగులను. నియోబెనెడెనియా అనేది పారదర్శకంగా ఉంటుంది, చేప మీద ఉన్నంతసేపూ కనబడదు. తేల్చుకోవడం మాత్రం సులువు. పైన గుంటూరు పాఠకురాలికి చెప్పిన మంచినీటి స్నానాన్ని అడుగు నల్లగా ఉన్న టబ్బులో 5 నిమిషాలు చేయండి. పురుగులు తెల్లబడి, నువ్వుగింజ మొదలు సగ్గుబియ్యం అంత బిళ్లలుగా రాలి నలుపు మీద స్పష్టంగా కనిపిస్తాయి.

కనిపిస్తే ప్రజిక్వాంటెల్. లీటరుకు 2.5 మి.గ్రా., అంటే 100 లీటర్లకు 250 మి.గ్రా. ఇది నీళ్లలో సరిగా కరగదు. కొంచెం నీటితో మెత్తగా నూరి, మూత ఉన్న సీసాలో బాగా కుదిపి పంప్ ముందు పోయండి. కార్బన్, యూవీ (అతినీలలోహిత దీపం), స్కిమ్మర్ (నురగతో మలినాలు తీసే పరికరం) ఆపి, గాలి పెంచండి. గుడ్ల మీద ఈ మందు పనిచేయదు కాబట్టి 6–7 రోజులకు, అవి పొదిగి కొత్త పురుగులు మళ్లీ గుడ్లు పెట్టేలోపు, సగం నీళ్లు మార్చి రెండో మోతాదు ఇవ్వాలి. రెండోది మానేస్తే మొదటిది వృథా. కుక్కలకు వేసే నులిపురుగుల మాత్రలు కొనకండి, చాలావాటిలో ప్రజిక్వాంటెల్‌తో పాటు పైరాంటెల్, ఫెబాంటెల్ కలిసి ఉంటాయి.

ఎల్లో టాంగ్ మీద నల్లచుక్కలు వచ్చాయని రాసినవారికి: అదీ చదును పురుగుల పనే, ఈ స్నానం, ఈ మందే వాటికీ పనిచేస్తాయి.

ప్రశ్న: సముద్రం పక్కనే ఉంటాం. సముద్రపు నీళ్లే తెచ్చి వాడుకుంటే పరాన్నజీవులు వస్తాయా?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రావచ్చు. కానీ శుద్ధి చేస్తే భయం లేదు, మన తీరంలోని రొయ్యల హేచరీలన్నీ ఆ నీళ్లతోనే నడుస్తున్నాయి. మురుగు కలిసే చోటుకు దూరంగా తెచ్చుకోండి. మెత్తటి గుడ్డలో వడకట్టి, 100 లీటర్లకు 10 శాతం సోడియం హైపోక్లోరైట్ 10 మి.లీ. కలిపి, ఒక రాత్రి మూతపెట్టి వదిలేయండి. మర్నాడు గాలి కొట్టి, క్లోరిన్ కిట్‌తో చూడండి. మిగిలి ఉంటే ప్రతి 1 మి.గ్రా. క్లోరిన్‌కు 7 మి.గ్రా. సోడియం థయోసల్ఫేట్ లెక్కన కలపండి. కిట్ సున్నా చూపేదాకా తొట్టిలో పోయకండి. వానాకాలం చివర, అక్టోబరు, నవంబరుల్లో నదుల నీరు కలిసి మన తీరంలో ఉప్పు బాగా పడిపోతుంది. ఆ నెలల్లో ప్రతిసారీ కొలిచి, తక్కువైతే సింథటిక్ ఉప్పుతో సరిచేయండి.

అయినా మీ తొట్టిలోకి పరాన్నజీవి వచ్చే పెద్ద దారి నీళ్లు కాదు, కొత్త చేప. ఆ చేప వచ్చిన సంచి నీళ్లు తొట్టిలో పోయకండి. 30 రోజులు వేరే తొట్టిలో ఉంచి చూడండి. కొత్త పగడం, నత్తచిప్ప, రాయి కూడా తిత్తులను మోసుకురాగలవు. వాటినీ చేపలు లేని తొట్టిలో అదే 76 రోజులు ఉంచాకే కలపండి.

ప్రశ్న: వెల్లుల్లి రసం, చేపల ఒళ్లు శుభ్రం చేసే క్లీనర్ రొయ్య, యూవీ – వీటితో ఇక్ పోతుందంటున్నారు. నిజమేనా? ఇంకొకటి, మా చేప రెక్క అంచున కాలీఫ్లవర్ లాంటి తెల్లటి గడ్డ ఉంది. దానికేం పోయాలి?
– ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వెల్లుల్లికి చేప ఆకలి పెరగొచ్చు, ఇక్ చావదు. క్లీనర్ రొయ్య చర్మం కిందున్న దాన్ని తవ్వి తీయలేదు. యూవీ తనలోంచి పోయిన పిల్లలను చంపుతుంది, తనలోకి రాని వాటిని ఏమీ చేయలేదు. కాబట్టి జబ్బు ఉద్ధృతి తగ్గుతుందే తప్ప పోదు.

ఆ గడ్డ పరాన్నజీవి కాదు. లింఫోసిస్టిస్ అనే వైరస్ జబ్బు. దానికి మందు లేదు, అవసరమూ తక్కువే. నోటికి, మొప్పలకు అడ్డం రానంతవరకూ కత్తిరించకండి, ఏమీ పోయకండి. నీళ్లు శుభ్రంగా ఉంచి, మంచి మేత పెట్టి, తోటి చేపలు పొడవకుండా చూస్తే వారాల్లో, కొన్నిసార్లు నెలల్లో, అదే రాలిపోతుంది.